జానెడు లోతున ఉన్నది మనకు కనబడలేదు

1965లో కోలారు బంగారు గనుల్లో (కె.జి.ఎఫ్.), ఛాంపియన్ రీఫ్ లోపల, నేల మట్టానికి 2.3 కిలోమీటర్ల దిగువన, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ దొరికింది. ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు, జపాన్‌లోని ఒసాకా వాళ్లు, ఇంగ్లండ్‌లోని డర్హం వాళ్లు కలిసి చేసిన పని అది. అంతటి రాతినీ తాకకుండా దూసుకుపోయే సూక్ష్మ కణాన్ని మన గనిలో పట్టారు. ఆ సంగతి చెప్పుకునేటప్పుడు కె.జి.ఎఫ్. మనిషి గొంతు ఇప్పటికీ కాస్త పెద్దదవుతుంది. అవ్వాలి కూడా. కానీ అదే నేలలో, జానెడు లోతున, ప్రతి వానకాలం గుడ్లు పెట్టే నక్షత్ర తాబేలు సంగతి ఎవరైనా అడిగితే మనం తల వంచుకోవాల్సి వస్తుంది. మన తాతల నాడు ఎన్ని ఉండేవో, ఇప్పుడు ఎన్ని మిగిలాయో, ఏ గుట్ట కింద గుడ్లు పెట్టేవో మన ఊళ్లలో ఎవరమూ రాసి పెట్టుకోలేదు. ఏ కొలిమిలో ఎన్ని ఔన్సుల బంగారం దిగిందో 1880ల నుంచి లెక్కలున్న ఊరు మనది.

మనం అంటే కోలారు, ముళబాగిలు, బంగారుపేట, శ్రీనివాసపురం, మాలూరు తాలూకాల తెలుగువాళ్లం. రాష్ట్రం గీత అటువైపున్న పలమనేరు, కుప్పం, మదనపల్లె వాళ్లం. ఈ నేరంలో అందరికీ పాలుంది. బీడు ఒకటే, గుట్టలు ఒకటే, ఆ గుట్టల్లో తిరిగే తాబేలూ ఒకటే.

అది ఎలా గుడ్లు పెడుతుందో ముందు చెప్పాలి. మనం ఏం పోగొట్టామో అది తెలియకపోతే అర్థం కాదు.

వాన పడి నేల మెత్తబడ్డాక, పొద్దు వాలే వేళకు, ఆడ తాబేలు పొద దాటి బయటికి వస్తుంది. చోటు వెతుక్కుంటుంది. ఎండ తగిలే నేల కావాలి, నీరు నిలవకూడదు, మట్టి తవ్వుడు పడాలి. అలాంటి చోటు దొరికాక వెనక కాళ్లు రెండింటినీ మార్చి మార్చి వాడుతూ తవ్వుతుంది. తల వెనక్కి తిప్పి చూడదు, చూడలేదు కూడా. కాళ్లకు తెలిసిన పని అది. నేల మరీ గట్టిగా ఉంటే తన మూత్రాశయంలోని నీళ్లు వదిలి మట్టిని తడుపుతుంది. ఎండు రోజుల్లో తన ప్రాణం కోసం ఒంట్లో దాచుకున్న నీళ్లు అవి. మెడ సన్నగా, అడుగు వెడల్పుగా గుంత సిద్ధమయ్యాక రెండు నుంచి ఆరేడు గుడ్లు పెడుతుంది. ఆ తర్వాత మట్టి లాగి కప్పి, తన పొట్టపెంకుతో అదిమి అదిమి సాపు చేస్తుంది. పక్కనే నిలబడ్డవాడికి కూడా అక్కడ గూడుందని తెలియదు. అన్నీ అయ్యాక వెళ్లిపోతుంది, మళ్లీ తిరిగి చూడదు. కాపలా, పొదగడం, పిల్లను పెంచడం, ఇవన్నీ ఆ మట్టి పని. తాబేలు తన సంతానాన్ని పూర్తిగా నేలకు అప్పజెప్పి పోతుంది.

నేల చేసే పని అంతటితో అయిపోదు. మనుషుల్లో ఆడో మగో కడుపున పడ్డప్పుడే తేలిపోతుంది. ఈ జాతిలో అలా కాదు. గుడ్డు చుట్టూ ఉన్న మట్టి ఎంత వెచ్చగా ఉంటే దాన్ని బట్టి తేలుతుంది. దాదాపు 30 డిగ్రీల లోపు ఉంటే ఎక్కువగా మగవి, దాన్ని దాటి ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే ఎక్కువగా ఆడవి పుడతాయి. పైన ఒక తంగేడు పొద నీడ పడుతోందా లేదా అన్నది ఒక తరంలో ఆడామగల లెక్కను మార్చగలదు. పిల్ల బయటికి రావడానికి ఒకోసారి రెండు నెలలు చాలవచ్చు, ఒకోసారి ఐదారు నెలలూ పట్టవచ్చు. అన్నాళ్లు ఆ జానెడు మట్టిని ఎవరూ కదిలించకూడదు. పుట్టిన ఆడపిల్ల తిరిగి గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి ఎనిమిది నుంచి పన్నెండేళ్లు పడుతుంది. ఇంత నిదానంగా సాగే జీవి తొందరలో ఉన్న మన మధ్య ఎలా బతుకుతుంది?

బతకనివ్వలేదు. ఎలా బతకనివ్వలేదో చెబుతాను.

ప్రతి ఊరికీ గోమాళం ఉండేది. ఆవులు, మేకలు మేసే ఉమ్మడి బీడు. కలివి, రేగు, తంగేడు, బ్రహ్మజెముడు, నడుమ గడ్డి. ఎవరూ దున్నరు గనుక అక్కడి మట్టి ఏళ్ల తరబడి తిరగబడేది కాదు. తాబేలుకు అంతకంటే మంచి పుట్టిల్లు లేదు. ప్రభుత్వ భూమిని సాగు చేసుకుంటున్నవాళ్లకు పట్టా ఇచ్చే బగర్ హుకుం కింద పేదవాడికి ఆ నేలలో రెండెకరాలు దక్కితే అది న్యాయమే, దాన్ని నేను తప్పుపట్టను. పేదవాడి రెండెకరాల పేరు చెప్పి, కాస్త పలుకుబడి ఉన్నవాళ్లం పది, ఇరవై ఎకరాలు కలుపుకున్నాం చూడండి, తప్పు అక్కడుంది. ఆ నేలను జేసీబీ పెట్టి ఒక్క పూటలో చదును చేయించినప్పుడు కింద ఏముందో అడగాలన్న ఆలోచనే మనకు రాలేదు. గడ్డి బాగా మొలుస్తుందని ఎండాకాలంలో గుట్టలకు నిప్పు పెట్టాం. పొదల కింద ఎండ తప్పించుకుని కదలకుండా పడుకున్న తాబేళ్లు ఆ నిప్పు నుంచి పరుగెత్తలేవు.

ఎనభైల్లో సామాజిక అటవీ పథకాలు వచ్చినప్పుడు రాగి చేలల్లో, బీళ్లలో నీలగిరి నాటుకున్నాం. కూలీ ఖర్చు లేదు, కాపలా అక్కర్లేదు, ఫ్యాక్టరీ వాళ్లు వచ్చి కొనుక్కుపోతారు. ఇలా నాటితే నేలకూ నీటికీ తిండిగింజలకూ చేటు వస్తుందని అప్పట్లోనే కోలారు మీద పరిశోధనలు చేసి చెప్పినవాళ్లున్నారు. మనం వినలేదు. నీలగిరి కింద గడ్డి పలచబడింది, ఆకు రాలి పరుచుకుంది, తాబేలు తినే పచ్చిక పోయింది. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నాటడాన్ని నిషేధించే నాటికి బోర్లు వెయ్యి అడుగులు దాటి దిగాయి. ఆ తర్వాత లేఔట్లు వచ్చాయి, పారిశ్రామికవాడలు వచ్చాయి, బెంగుళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. మిగిలిన బీడు ముక్కలైంది.

ఇప్పుడు ఒక్కో గుట్టా ఒక్కో దీవి. చుట్టూ సముద్రం లేదు. టమాటా మడులు, కంచెలు, తారురోడ్లు ఉన్నాయి. ఒక గుట్ట మీది మగ తాబేలు ఇంకో గుట్ట మీది ఆడ తాబేలును చేరుకోలేదు. దీవుల్లో చిక్కిపోయిన జంతువులకు ఏమవుతుందో జన్యుశాస్త్రం ఎప్పుడో చెప్పింది. కొద్దిపాటి గుంపు తమలో తామే కలుస్తూ పోతుంది. తరం తరానికీ రక్తంలోని వైవిధ్యం తగ్గుతుంది. ఒక జబ్బు వచ్చినా, వరసగా రెండు కరువులు వచ్చినా తట్టుకోవడానికి కావలసిన తేడాలు ఆ గుంపులో మిగలవు. ఈ దీవుల్ని ఏ సముద్రమూ చేయలేదు, మనమే చేశాం.

ఇక పట్టుకుపోవడం సంగతి. వానలు పడి తాబేళ్లు తిరిగే రోజుల్లోనే వాటిని పట్టేవాళ్లూ తిరుగుతారు. అంటే జత కట్టడానికి, గుడ్లు పెట్టడానికి బయటికి వచ్చిన వాటినే గోనెసంచిలో వేస్తారు. పట్టేవాడు సాధారణంగా నిరుపేద. అతనికి దక్కేది ఒక పూట కూలి లాంటిది. అక్కడి నుంచి చేతులు మారి మారి, గుడ్డలో చుట్టి, టేపు వేసి, సూట్‌కేసుల్లో పడి బ్యాంకాక్, సింగపూర్, కౌలాలంపూర్ చేరతాయి. 2015లో అచ్చయిన ఒక పరిశోధన ప్రకారం మన దేశంలోని ఒకే ఒక్క అక్రమ వ్యాపార కేంద్రం నుంచి ఒక్క ఏడాదిలో కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లు అక్రమంగా తరలిపోయాయి. ఆ అంకె చదివినప్పుడు నాకు ముందుగా తట్టింది గూళ్ల లెక్క. అందులో ఈడొచ్చిన ఆడది ఒక్కటి పోయినా, అది బతికినన్నాళ్లూ పెట్టాల్సిన గుడ్లన్నీ దానితోపాటే పోయినట్టు.

పట్టినవాణ్ణి అంటే సరిపోతుందా? ఇంట్లో తాబేలుంటే లక్ష్మి నిలుస్తుందని నమ్మినవాళ్లం మనం. ఇరవై గోళ్లున్న తాబేలు దొరికితే నిధి చూపిస్తుందని చెవిలో చెప్పుకున్నవాళ్లం మనం. పిల్లాడు ఆడుకుంటాడని తొట్టిలో వేసుకున్నవాళ్లం, పక్కింట్లో చూసి కూడా ఊరుకున్నవాళ్లం. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో కూర్మావతారానికే గుడి కట్టిన జాతి మనది. ఆ ఆవరణలో నక్షత్ర తాబేళ్లు కూడా ఉన్నాయి, భక్తితో ఆకుకూరలు పెడతాం. మందర పర్వతాన్ని వీపున మోసిన దేవుడని పురాణం విని చేతులు జోడిస్తాం. ఆ చేతులతోనే దాన్ని అమ్మాం, కొన్నాం. మన అవ్వలకు ఇంతకంటే వివేకం ఉండేది. దారికి అడ్డం వస్తే, “ముట్టుకోవద్దురా నాయనా, దాని దోవన దాన్ని పోనీ,” అనేవాళ్లు. ఆ ఒక్క మాట మనం మన పిల్లలకు అందించి ఉంటే ఎంత మిగిలేదో!

ఈ జంతువు ఏమిటో దూరదేశాల వాళ్లు మనకంటే ముందు చూశారు. హంగేరీలో గాబోర్ డొమొకోష్, పీటర్ వార్కొన్యి అనే ఇద్దరు ఒక గణిత సమస్య వెంట పడ్డారు. లోపల బరువు పెట్టకుండానే, ఎటు పడేసినా తనంతట తానే ఒకే భంగిమలోకి తిరిగి వచ్చి నిలిచే ఘనాకారం ఉంటుందా అని వాళ్ల ప్రశ్న. 2006లో అలాంటి ఆకారాన్ని తయారుచేసి, దానికి గొంబొత్స్ అని పేరు పెట్టారు. ప్రకృతిలో దానికి దగ్గరగా వచ్చేది వెతికితే వాళ్ల కళ్లముందు నిలిచింది మన నక్షత్ర తాబేలు. ఎత్తయిన ఆ గుమ్మటం వల్లే అది వెల్లకిలా పడ్డా కొద్దిపాటి ప్రయత్నంతో తిప్పుకుని లేవగలదు. దాని పెంకు మీది పసుపు గీతలు కూడా అందం కోసం వచ్చినవి కావు. ఎండు గడ్డి నీడల్లో దాన్ని కనబడకుండా చేస్తాయి. శత్రువు కంటబడకుండా బతకడానికి వచ్చిన ఆ గీతలే మనిషి కంటికి నచ్చి దాని ప్రాణం మీదికి తెచ్చాయి.

పోయినవాటిని తిరిగి తెచ్చినప్పుడు కూడా మనం అన్నిసార్లూ సరిగ్గా చేయలేదు. ఈ మాట చెప్పడం కష్టంగానే ఉంది, ఎందుకంటే తెచ్చినవాళ్లు మంచి మనసుతోనే తెచ్చారు. 2018 నవంబరులో సింగపూర్ నుంచి 51 నక్షత్ర తాబేళ్లు కర్ణాటకకు తిరిగి వచ్చాయి. అంతకు చాలా ముందే సింగపూర్‌లో పట్టుబడిన పెద్ద గుంపు ఒకటి హైదరాబాద్ చేరింది. అప్పుడు అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు అడగవలసిన ప్రశ్న అడిగారు. ఇవి ఎక్కడివి? కేంద్రక డి.ఎన్.ఏ.నూ, మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.నూ పరిశీలించి వాటి మూలం జాడ తీసే ప్రయత్నం చేశారు. ఆ పరిశోధన 2006లో వెలువడింది. మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. తల్లి నుంచే బిడ్డకు వస్తుంది. కాబట్టి ఒక తాబేలు నెత్తురు చుక్కలో దాని తల్లి, తల్లి తల్లి, ఆ పై తల్లి ఏ నేలలో గుడ్డు పెట్టిందో గుర్తు ఉంటుంది.

ఆ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. నక్షత్ర తాబేలు ఒకే జాతి అయినా మూడు తావుల్లో వేర్వేరుగా బతుకుతోంది. గుజరాత్, రాజస్థాన్, పాకిస్తాన్ అంచు ఒకటి. తమిళనాడు, ఆంధ్ర, కర్ణాటక తూర్పు కొస ఒకటి. శ్రీలంక ఒకటి. సముద్రం నడుమ ఉన్న లంకలో ఆడవి బాగా పెద్దగా పెరుగుతాయి. మన మెట్టనేలలో అంత పెరగవు. ఏ నేలది ఆ నేల ఎండకూ, వాన రాకకూ, తిండికీ తగ్గట్టు వేల తరాలుగా మలుచుకుంటూ వచ్చింది. గుడ్లు ఎప్పుడు పెట్టాలి, ఎంత చలికి కదలకుండా పడుండాలి అన్నది ఆ వారసత్వంలోనే ఉంటుంది. స్మగ్లర్ గోనెసంచిలో ఈ మూడూ కలిసిపోవచ్చు. పట్టుబడ్డ గుంపును పరీక్షించకుండా దగ్గరున్న అడవిలో వదిలితే, దీవుల్లా మిగిలిన మన గుట్టల మీది కొద్దిపాటి వంశంలోకి ఎక్కడి వంశమో వచ్చి కలుస్తుంది. ఇరుకు పెట్టెల్లో అంటుకున్న ఊపిరితిత్తుల జబ్బులూ వాటితో వస్తాయి. ఇదేమీ ఆలోచించకుండా మనలో చాలామందిమి ఇంట్లో తాబేలుంటే పోలీసుల భయంతో రాత్రిపూట పక్క చెరువుగట్టు మీద వదిలేసి, పుణ్యం చేశామనుకుని తిరిగి వచ్చాం. కొందరమైతే చెరువు నీళ్లలోనే వేశాం. నక్షత్ర తాబేలు మెట్ట జంతువు, దానికి ఈత రాదు.

ఇలాంటి చోట ఇతరులు ఎలా నడుచుకున్నారో చూస్తే మన లోపం ఇంకా స్పష్టమవుతుంది. పసిఫిక్‌లోని గాలాపగోస్‌లో పిన్‌జోన్ దీవి ఉంది. ఓడల్లో వచ్చిన ఎలుకలు నూరేళ్లకు పైగా అక్కడి తాబేలు పిల్లల్ని పుట్టినవి పుట్టినట్టే తినేశాయి. ముసలివి తప్ప పిల్ల లేదు. 1965లో, మన గనిలో న్యూట్రినో దొరికిన ఆ సంవత్సరమే, అక్కడివాళ్లు గూళ్ల నుంచి గుడ్లు తీసుకుపోయి వేరే దీవిలో పొదిగించి, పిల్లలు ఎలుకకు లొంగనంత పెద్దవయ్యాక తెచ్చి వదలడం మొదలుపెట్టారు. ఏడాది తర్వాత ఏడాది, దాదాపు యాభై ఏళ్లు ఆ పని ఆపలేదు. 2012లో దీవి మీద ఎలుకల్ని పూర్తిగా తొలగించారు. 2014 చివర్లో, తమంతట తామే పుట్టి బతికిన పిల్లలు అక్కడ కనిపించాయి.

గాలాపగోస్‌లోనే ఎస్పన్యోలా దీవిలో 12 ఆడవి, 2 మగవి మాత్రమే మిగిలాయి. అమెరికా సాన్ డియేగో జూలో ఉన్న డియేగో అనే మగదాన్ని తెచ్చి కలిపారు. ఆ పదిహేనింటి సంతానం సుమారు రెండు వేలు దీవికి చేరింది. పేరంతా డియేగోదే. కానీ డి.ఎన్.ఏ. చూస్తే పిల్లల్లో ఎక్కువ భాగానికి తండ్రి ఎవరూ పట్టించుకోని ఇంకో మగది అని తేలింది. ఎవరి బిడ్డ ఎవరో, ఏ రక్తం ఎంత మిగిలిందో అంత శ్రద్ధగా రాసుకున్నారు వాళ్లు. అదే గాలాపగోస్‌లో పింటా దీవి వంశంలో జార్జ్ ఒక్కటే మిగిలి, 2012 జూన్ 24న చనిపోయింది. ఆలస్యమైతే ఏమవుతుందో కూడా అక్కడే తెలిసింది.

గాలాపగోస్ వాళ్ల దగ్గర మనకంటే ఎక్కువ తెలివేమీ లేదు. గని లోతుల్లో వేడిని, రాళ్ల పేలుళ్లను తట్టుకుని పని నడిపిన ఊరికి ఓపిక లేదని ఎవరనగలరు? 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు తీగ లాగించుకున్న ఊరు ఇది. ఓపిక ఉంది, నైపుణ్యం ఉంది, చదువుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ శ్రద్ధంతా బంగారం వైపే తిరిగి ఉంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక కూడా చూపు మళ్లలేదు. 2024లో మళ్లీ లెక్కలు మొదలయ్యాయి: 13 సైనైడ్ దిబ్బలు, 3.3 కోట్ల టన్నుల మట్టి, దాదాపు వెయ్యి ఎకరాలు, అందులో టన్నుకు ఎంత బంగారం మిగిలి ఉంటుందని. ఊరికి ఉపాధి కావాలి, గని మూతతో వీధిన పడ్డ కుటుంబాల బాధ నాకు తెలుసు, ఆ పని వద్దని నేననను. అయితే ఆ దిబ్బల చుట్టూ రక్షణ లేకుండా పడి ఉన్న బీడులో, పొదల్లో ఏమేం బతుకుతున్నాయో ముందు ఒకసారి చూడమని అడిగినవాళ్లం ఎంతమందిమి? అడగలేదు. నోరు లేని జీవి తరఫున అడగడానికి మనకు నోరుండి అడగలేదు.

చట్టం లేదని సాకు చెప్పడానికీ వీల్లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దీనికి రక్షణ ఉంది. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని అడ్డుకునే సైటిస్ ఒప్పందంలో దీన్ని పై వరుసకు చేర్చారు. 2022 సవరణతో మన దేశంలోనూ మొదటి షెడ్యూలులోకి వచ్చింది, అంటే పులికి, ఏనుగుకి ఉన్న రక్షణే దీనికీ ఉంది. పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరమే, మూడు నుంచి ఏడేళ్ల జైలు. చట్టం వరకూ మనం వచ్చాం. ఊరి గోమాళం వరకూ మాత్రం రాలేదు.

చేయవలసినవి పెద్ద పనులు కావు. గ్రామ పంచాయతీలో మిగిలిన గోమాళం ఎంతో అడగండి. జూన్ నుంచి నవంబరు దాకా ఆ నేలలో జేసీబీ దించవద్దని తీర్మానం చేయించండి. గుట్టలకు నిప్పు పెట్టేవాడు మన ఇంటివాడే అయితే మనమే ఆపుదాం. హైస్కూలు పిల్లలకు వానకాలంలో ఒక నోటుపుస్తకం ఇచ్చి, ఎక్కడ తాబేలు కనిపించింది, ఏ తేదీన, ఏ పొద దగ్గర అని రాయించే పంతులుగారు తాలూకాకు ఒక్కరున్నా చాలు. ముట్టుకోకుండా, చోటు బయటివాళ్లకు చెప్పకుండా.

మీ ఇంట్లోనో, మీకు తెలిసినవాళ్ల ఇంట్లోనో నక్షత్ర తాబేలుంటే చెరువుగట్టు మీద, గుట్ట పక్కన వదలకండి. అటవీశాఖ వాళ్లకు అప్పజెప్పండి. ఇచ్చేటప్పుడు అది ఎక్కడ దొరికిందో, ఎవరు తెచ్చారో, ఏ ఊరి పొలంలోదో తెలిసినంత వరకు దాచకుండా చెప్పండి. దాన్ని ఏ నేలకు తిరిగి పంపాలో తేల్చడానికి ఆ ఊరి పేరు కావాలి.